ఈ డిస్కు యజమాని

తలుపు సగమే తెరుచుకుంది. కళ్లద్దాలాయన తల బయటపెట్టి, మెట్ల వైపు ఓసారి చూసి, కంప్యూటర్ మెకానిక్‌ని చెయ్యి పట్టి లోపలికి లాగాడు.

“తొందరగా కానివ్వు బాబూ. ఆవిడ వచ్చేలోపు తెరుచుకోవాలి.”

గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. ఆయన లైటు కోసం గోడ తడిమాడు. మొదటి స్విచ్‌కి పక్కగదిలో ఫ్యాను తిరిగింది. రెండోదానికి వాకిట్లో దీపం వెలిగింది. మూడోదానికి ఏమీ కాలేదు.

“కరెంటు లేనట్టుంది,” అన్నాడు, ఫ్యాను చప్పుడు వింటూనే.

మెకానిక్ ఫోను లైటు వేశాడు. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. బట్టలు మంచం మీద గుట్టగా పడి ఉన్నాయి. సొరుగులన్నీ బయటికి లాగి ఉన్నాయి.

“ఇదేంటి సార్?”

“కేబుల్ కోసం వెతికాను.”

బల్ల మీద కొత్త కంప్యూటరు. దానికి తగిలించిన పాత డిస్కు. బల్ల కింద పాత కంప్యూటరు, దానికి ఆనుకుని ఒక కుక్క. ఆయన దగ్గరికి రాగానే అది గుర్రుమంది.

“మీ కుక్కేనా?”

“కరవదులే.”

“పేరేంటి?”

“కుక్కకి పేరేంటయ్యా. కుక్కే.”

కుక్క మెడపట్టీ మీద పేరు చెక్కి ఉంది.

మెకానిక్ డిస్కులో ఒక ఫోల్డరు నొక్కాడు. ఇది తెరిచే అనుమతి మీకు లేదంది తెర. ఇంకోటి నొక్కాడు. అదే మాట. యజమాని వేరే వ్యక్తి అని కూడా చెప్పింది.

“ఆవిడకి చెప్పకుండా కొత్తదానికి మార్చాను, పొద్దున్నుంచీ ఇదే గోల. నా పేరు కొట్టాను, ఆవిడ పేరు కొట్టాను. దేనికీ లొంగట్లేదు.”

“పేరుతో పని కాదు సార్. కంప్యూటరు ప్రతి మనిషికీ లోపల ఒక నంబరిస్తుంది. డిస్కుకి గుర్తుండేది ఆ నంబరే. పాతది ఇచ్చిన నంబరు వేరు, కొత్తది ఇచ్చింది వేరు. అందుకే మీరెవరో దీనికి తెలీదు.”

“ఇప్పుడెలా?”

“యజమానిగా మిమ్మల్ని రాసేయొచ్చు. చిటికెలో పని.”

“రాసెయ్, రాసెయ్!”

మెకానిక్ వేలు మౌసు మీదే ఆగింది. పోయినేడాది ఇలాగే ఒక మర్యాదస్తుడు లాప్‌టాప్ తెచ్చి, తాళం తీయించుకుని, బాబూ బాబూ అని భుజం తట్టి వెళ్లాడు. అది దొంగ సరుకు. పోలీసులకి ఆ మర్యాదస్తుడు దొరకలేదు. మెకానిక్ దొరికాడు. ఇంకోసారి ఇలాంటిది జరిగితే కొట్టు మూయించి లోపలేస్తామని చెప్పి మరీ వదిలారు.

“ఇంతకీ ఇందులో ఏముంది సార్?”

“ఆవిడ పనంతా ఇందులోనే ఉంది. రేపు ఎవరికో అప్పజెప్పాలట. తెరుచుకోకపోతే నా పని అయిపోయినట్టే.”

“ఏం పని?”

“ఏదో టైపు చేస్తుంటుంది. రోజూ చేస్తుంది.”

“ఎవరావిడ?”

“ఎవరేంటయ్యా? ఈ కంప్యూటరు ఎవరిదో ఆవిడే.”

మెకానిక్ మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

“పాత కంప్యూటర్లోకి వెళ్లి అక్కణ్ణుంచే అనుమతి ఇచ్చుకుంటే పద్ధతిగా ఉంటుంది సార్. పాస్‌వర్డ్ చెప్పండి.”

మెకానిక్ డిస్కుని తీసి పాతదానికి తగిలించాడు. అది బద్ధకంగా వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది. మరిచిపోయినవాళ్ల కోసం కింద ఒక గుర్తు కూడా చూపించింది: పాప పుట్టినరోజు.

“పాప ఎప్పుడు పుట్టింది సార్?”

“వానాకాలం.”

“తేదీ చెప్పండి.”

“బాగా వాన. బండి దొరకలేదు.”

“ఏ సంవత్సరం?”

“వానలు ఎక్కువ పడ్డ ఏడు.”

మెకానిక్ గోడ వైపు చూశాడు. గోడ నిండా ఫొటోలు. ఒకావిడ, ఒక పాప, ఆ కుక్క. ఒక్కదాంట్లోనూ కళ్లద్దాలాయన లేడు.

“కాసిని మంచినీళ్లు ఇప్పించండి.”

ఆయన వంటగదిలోకి వెళ్లాడు. అరల తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, మళ్లీ తెరుచుకున్నాయి. ఏదో పగిలింది. ఆ సందులో మెకానిక్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, గుసగుసగా నాలుగు ముక్కలు చెప్పాడు.

ఆయన పువ్వులు పెట్టే గాజు కూజాలో నీళ్లు తెచ్చాడు. పైన ఎండు రేకులు తేలుతున్నాయి. మెకానిక్ తాగినట్టు నటించాడు.

కానిస్టేబుల్ త్వరగానే వచ్చాడు.

“ఎవరయ్యా నువ్వు?”

“నా ఇంటికొచ్చి నన్నే ఎవరంటావేంటి?”

“దొరికిన ప్రతివాడూ ఇదే మాట. ఏదైనా కార్డు చూపించు.”

“కార్డులన్నీ ఆవిడ దాస్తుంది.”

“ఎక్కడ?”

“ఎక్కడో.”

“పోనీ, ఈ ఫొటోలో పాప ఏం చదువుతోంది?”

“చదువుతోంది.”

“ఏం చదువుతోందయ్యా?”

“బాగానే చదువుతోంది.”

కానిస్టేబుల్ ఆయన రెక్క పట్టుకున్నాడు. మెకానిక్ డిస్కు ఊడదీసి, తనకేమీ సంబంధం లేనట్టు రెండు వేళ్లతో దూరంగా పట్టుకున్నాడు. కొట్టు దక్కింది.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. కుక్క తోకాడిస్తూ పరుగెత్తింది. ఫొటోల్లో ఉన్న ఆవిడ లోపలికి వచ్చింది. ఆమె చెయ్యి, చూడకుండానే గోడ మీదికి వెళ్లింది. లైటు వెలిగింది.

“సమయానికి వచ్చారమ్మా,” అన్నాడు కానిస్టేబుల్. “ఇల్లంతా గాలించాడు. మీ డిస్కు తన పేర రాయించుకోబోయాడు. ఈ మెకానిక్ తెలివిగలవాడు కాబట్టి సరిపోయింది. వీణ్ణి మీరెప్పుడైనా చూశారా?”

ఆవిడ బీరువా వైపు చూసింది. గాజు కూజా వైపు చూసింది. కొత్త కంప్యూటరు వైపు చూసింది. ఆఖరికి కళ్లద్దాలాయన వైపు చూసింది. ఆయన కుక్క వైపు చూశాడు.

“మా ఆయనండీ,” అందావిడ చెప్పులు విప్పుతూ, “పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోనే ఉంటున్నారు.”