టేపు అబద్ధం చెప్పదు

"ముప్పై నాలుగున్నర," అన్నాడు టైలరు, తన నడుముకి తనే చుట్టుకున్న టేపు మీంచి వేలు తీయకుండా. "పోయిన నెలకీ ఇప్పటికీ పావు అంగుళం తగ్గింది. రాయి."

భార్య కాజాలు కుట్టడం ఆపి కొలతల పుస్తకం అందుకుంది. అందులో చివరి పేజీ ఊరివాళ్ళది కాదు. రెండే వరసలు, ఒకటి ఆయనది, ఒకటి ఆమెది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ తంతు తప్పదు. ఎనిమిది నెలల్లో ఆయన నడుము ముప్పై ఆరు నుంచి ఇక్కడికి దిగింది.

"మీ ప్యాంట్లేవీ వదులు కాలేదు కదండీ," అంది.

"ఎందుకవుతాయి? నేను చూడనప్పుడు నువ్వు కుట్లు బిగిస్తున్నావుగా."

ఆమె నుదురు కొట్టుకుంది. ఆయన మాత్రం ప్యాంటు తిరగేసి నడుంపట్టీ అంతా వేలితో తడిమి చూశాడు. అన్నీ తన కుట్లే. అయినా నమ్మకం కుదరలేదు. అచ్చం తనలాగే కుట్టడం ఆమెకి నేర్పింది తనే మరి.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆయన దగ్గర పరీక్షల కాగితాలు సంచీడున్నాయి. షుగరు లేదు, థైరాయిడ్ లేదు, గుండె గుర్రంలా ఉంది, స్కానింగులో మచ్చయినా లేదు. ఆస్పత్రి మిషను మీద బరువు కూడా ఎప్పటి బరువే. అంత భేషుగ్గా ఉన్నవాడి నడుము ఎందుకు తగ్గుతుంది? అందరూ కూడబలుక్కుని తన దగ్గర ఏదో దాస్తున్నారు.

"టేపులోనే తేడా ఉందేమో," అంది భార్య.

"ఇలా రా." ఆమె నడుముకి టేపు చుట్టాడు. "ముప్పై నాలుగు. మొదటి నెల నుంచీ నీది ముప్పై నాలుగే. టేపులో తేడా ఉంటే నీది కూడా తగ్గాలి కదా? మనుషులు చెబుతారు గానీ టేపు అబద్ధం చెప్పదు."

ఆమె మళ్ళీ కాజాల పని అందుకుంది. ఆయన టేపు కొనకి పెద్ద కత్తెర కట్టి మేకుకి వేలాడదీశాడు. పోయినేడాది కత్తెర రెండ్రోజులు కనబడకుండా పోయినప్పటి నుంచీ అదే అలవాటు.

భోజనాల దగ్గర ఆమె నాలుగు ముద్దలు తిని లేచింది.

"అదేం తిండి?"

"కడుపు నిండిపోయిందండీ. ఈమధ్య ఇంతే."

తన గురించి ఏదో తెలిసే దీనికి ముద్ద దిగడం లేదనుకున్నాడు. ఆమె బుగ్గలు కూడా పీక్కుపోయాయి. లోపల దిగులు లేకపోతే మనిషి అలా అవుతుందా?

మర్నాడు ఆస్పత్రిలో ఆ అనుమానం ఇంకా ముదిరింది. డాక్టరు కొత్త రిపోర్టులు చూసి, ఆయన్ని బయట కూర్చోమని, ఆమెని మాత్రం లోపల ఉండమన్నాడు. అద్దం తలుపులోంచి అంతా కనిపిస్తోంది. డాక్టరు ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. టైలరుకి చచ్చేంత భయం వేసింది.

"ఏమన్నాడు?" అన్నాడు ఆమె బయటికి రాగానే.

"మీకు భయం తప్ప ఏ జబ్బూ లేదన్నారు."

"ఆ ముక్కకి పది నిమిషాలా?"

"నేను నీరసంగా కనిపిస్తున్నానట. ఓసారి పరీక్షలు చేయించుకోమన్నారు. ఇంటికి ఒక రోగి చాలు, నాకొద్దన్నాను."

"మాట మార్చకు," అన్నాడు టైలరు.

ఆ వారమంతా ఆయన ఆమెకి కత్తిరింపు నేర్పాడు. చంక దగ్గర ఎంత వంపు తీయాలో, మొండి గిరాకీలతో ఎలా మాట్లాడాలో చెప్పాడు. "నేను పోయాక కొట్టు మూతపడకూడదు," అన్నాడోసారి. ఆమె మొహం తిప్పుకుంది. దాంతో ఉన్న కాస్త ఆశా పోయింది ఆయనకి.

గురువారం వడ్రంగి వచ్చి ప్యాంటు బల్ల మీద పడేశాడు.

"మాస్టారూ, ఇందులో నేనూ మా బావమరిదీ ఇద్దరం పడతాం."

"పుస్తకంలో ఉన్న నీ పాత కొలతకే కత్తిరించాను మేస్త్రీ. నువ్వే చిక్కావు. అశ్రద్ధ చెయ్యకు, రక్తపరీక్ష చేయించుకో."

"నాకేం రోగం? బెల్టు ఎప్పటి బెజ్జంలోనే పడుతోంది." వడ్రంగి జేబులోంచి తన స్టీలు టేపు లాగి, మేకుకున్న గుడ్డ టేపు పక్కన పట్టాడు. ఒక్క క్షణం చూసి నవ్వాడు. "మీ ముప్పై ఆరు నాకు ముప్పై ఏడున్నర. కిలో కత్తెర వేలాడదీస్తే గుడ్డ సాగక ఏమవుతుంది మాస్టారూ?"

టైలరు వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆ స్టీలు టేపునే లాక్కుని తన నడుముకి చుట్టుకున్నాడు. ముప్పై ఆరు, గీత అటూ ఇటూ కాకుండా. కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. ప్యాంటు సాయంత్రానికల్లా బిగించి ఇస్తానని వడ్రంగికి రెండుసార్లు దండం పెట్టి పంపాడు.

భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎనిమిది నెలలు నన్ను వేపుకు తిన్నారు."

"బుద్ధొచ్చింది. ఆ పుస్తకం ఇటివ్వు."

తన వరసలో అంకెలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాడు. ఒక్కో అంకె కొట్టేస్తుంటే ఆయుష్షు తిరిగొస్తున్నట్టే ఉంది. తప్పుడు కొలత పుస్తకంలో ఉండకూడదని ఆమె వరస మీదికి కూడా కలం తెచ్చాడు. ముప్పై నాలుగు, ముప్పై నాలుగు, ఎనిమిదిసార్లూ ముప్పై నాలుగే. కలం అక్కడే ఆగిపోయింది.

"కొట్టెయ్యండి, ఇంకా ఏం చూస్తున్నారు?" అంది భార్య, నవ్వు ఆపుకోలేక.

టేపు అంత సాగినా తగ్గలేదంటే, నాలుగు ముద్దలు కూడా దిగక బుగ్గలు పీక్కుపోయిన ఈ మనిషి నడుము ఎనిమిది నెలలుగా పెరుగుతోంది.