పచ్చ గుర్తు

"ఊరికే వచ్చే సైట్ల జోలికి మాత్రం పోకు. పైసా ఖర్చు లేకుండా నిన్ను చూసేవాడు పైసా ఖర్చు లేకుండానే నిన్ను కావాలంటాడు."

రుమ్యానా కాఫీ గిన్నె పొయ్యి మీద నుంచి దింపుతూ అంది. బల్లకు అవతల జోరా బుద్ధిగా వింటోంది.

ఎవడి చేతి కిందా పడకుండా ఏళ్ల తరబడి ఒళ్లమ్ముకునే వృత్తిలో నెగ్గుకొచ్చిన మనిషి రుమ్యానా. బల్గేరియాలోని ఈ ప్లోవ్‌దివ్‌లో ఆ పనిలోకి కొత్తగా దిగే పిల్లలు ఎవరో ఒకరి ద్వారా ఆమె వంటింటికి చేరతారు. తన రోజుల్లో తనకు చెప్పే దిక్కు లేకపోయింది. అందుకే ఎవరినీ కాదనదు.

"నువ్వు మానేశావటగా అక్కా?"

"ద్రాక్షకోతలప్పుడే. ఇప్పుడు బేకరీలో పిండి పిసుకుతున్నా. వీపు నొప్పి మాత్రం అదే."

జోరా నవ్వింది. రుమ్యానా ఫ్రిజ్ మీద అతికించిన ఫోటో చూపించింది. ముందు పళ్లు ఊడిన ఆడపిల్ల.

"నా ఎలిత్సా. వాళ్ల నాన్న దగ్గరుంది. ఎల్లుండే కోర్టు తీర్పు."

"నీ పాత యాడ్లు వాళ్ల కంటపడితే?"

"ఎప్పుడో పడ్డాయి. పాతవి పాతవే, మానేసినదాన్ని జడ్జి తప్పు పట్టదు అంది మా లాయరమ్మ. కొత్తది ఒక్కటి లేకపోతే చాలు, పిల్ల నాది." కాఫీ వంచింది. "నా గోల ఎందుకులే. నీ సంగతి చూద్దాం."

జోరా ఫోనులో మూడు సైట్లు తెరిచి పెట్టుకుంది. రుమ్యానా మొదటిదాన్ని వేలితో పక్కకు నెట్టింది. "ఇందులో ఎవరి ఫోటో ఎవరైనా పెట్టొచ్చు. పక్కింటి దాని మీద కోపమొస్తే దాని బొమ్మా పెట్టొచ్చు. అందుకే ఎవడూ నమ్మడు." రెండోది విదేశీయులది. తగాదా వస్తే వినే నాథుడుండడు.

"ఇదిగో, దీంట్లో చేరు. ప్రాణం తోడేస్తారు గానీ మనిషివి నువ్వేనని తేలాకే పచ్చ గుర్తు ఇస్తారు. ఆ గుర్తు పడిందంటే నువ్వు కాదని దేవుడొచ్చి చెప్పినా ఎవరూ నమ్మరు. మర్యాదస్తులు అది చూసే ఫోన్ చేస్తారు."

"అదే అక్కా, రెండుసార్లు తిప్పి పంపారు."

తెల్ల కాగితం మీద సైటు పేరు, ఆ రోజు తేదీ సొంత చేతిరాతతో రాసి, గడ్డం కింద పట్టుకుని ఫోటో దిగాలి. మొహం స్పష్టంగా కనిపించాలి. జోరా మళ్లీ ప్రయత్నించింది. కాగితం పైకెత్తి పట్టుకుంది. కాగితం మొహాన్ని సగం మింగేసింది.

"చేపలమ్మి ధర చీటీ పట్టుకున్నట్టుంది. ఇటివ్వు."

రుమ్యానా కొత్త కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని, భుజాలు దించి, గడ్డం కింద పట్టుకుంది.

"ఇలా. ఫోటో తీసుకో, చూసి నేర్చుకో. తర్వాత నా ముందే తుడిచెయ్యి."

జోరా తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి, తెర మీద రెండు మూడు చోట్ల నొక్కింది. తర్వాత తుడిచేసింది. అయినా రుమ్యానా ఫోను లాక్కుని ఫోటోలన్నీ జరిపి చూసింది. లేదు. ఆమె అంత తేలిగ్గా మోసపోయే మనిషి కాదు.

వెళ్తూ వెళ్తూ జోరా గుమ్మంలో ఆగింది.

"గుర్తు రావడానికి ఎంతసేపు పడుతుందక్కా?"

"ఒక్క రోజు."

"అయితే సరిపోతుంది."

చెప్పులు తొడుక్కుంటుంటే ఆమె మణికట్టున ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన తోరం, మార్చి రాగానే ఇక్కడ అందరూ కట్టుకునేది, కనిపించింది. ముళ్లన్నీ వంకర.

"ఎవరు పేనారే దీన్ని? పిల్లి పేనిందా?"

"ఇంట్లో చిన్నపిల్ల ఉందక్కా. కొంగ కనబడేదాకా తీయకూడదుగా."

రుమ్యానాకు ఆ పిల్ల మీద ఇంకాస్త ప్రేమ పుట్టింది. దారిలో తినమని జున్ను పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె ముక్క పొట్లం కట్టి ఇచ్చింది.

కోర్టు రోజు రుమ్యానా బూడిదరంగు కోటు వేసుకుంది. గోళ్లకు రంగు లేదు. వసారాలో కూర్చున్నాక ఫోను మోగింది. తెలియని నంబరు నుంచి మెసేజి. 'ఈ సాయంత్రం ఖాళీయేనా?' పొద్దున్నించీ ఇలాంటివి నాలుగైదు వచ్చాయి. పాత కుక్కలు పాత దారి మరచిపోవు అనుకుని తుడిచేసింది.

అవతలి బెంచీ మీద ఆమె మాజీ భర్త క్రాసిమిర్ తరఫు లాయరు కూర్చున్నాడు. పోయినసారి లావుపాటి ఫైలు మోసుకొచ్చాడు. ఇవాళ చేతిలో ఒకే ఒక్క కాగితం. వాడి దగ్గర సరుకు అయిపోయిందని రుమ్యానాకు ధైర్యం వచ్చింది.

క్రాసిమిర్ కూతుర్ని తీసుకుని మెట్లెక్కి వచ్చాడు. పిల్లతో జడ్జి మాట్లాడతానందట. ఎలిత్సా చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకొచ్చి, జేబులోంచి తోరం తీసి తల్లి మణికట్టుకు కట్టింది.

"వంకరగా వచ్చిందమ్మా."

"నాకు ఇలాగే ఇష్టం బంగారూ."

"జోరా పిన్నికి కట్టింది కూడా వంకరే," అంది ఎలిత్సా, "అయినా తను నాన్న పక్కన పడుకునేటప్పుడు కూడా తీయదు తెలుసా."