జపం వినిపించినంత నేల

కోరలరాయుడనే అడవిపందికి కొలను పక్కన పెద్ద దుంపలచేను ఉండేది. ఆ కొలనులో కప్పల మఠం ఉండేది. రాయుడి తాత పోయేముందు పుణ్యానికి ఆశపడి, మఠంలో చేసే జపం ఎంత దూరం వినిపిస్తే అంత నేల స్వాములదేనని దానమిచ్చాడు. అప్పటిదాకా గొణుక్కున్న స్వాములకు దానం అందగానే గొంతులు పెరిగాయి. పీఠాధిపతి నాదానందస్వామి శిష్యులచేత పొద్దస్తమానం అరిపించి, హద్దును చేను నడుమకు జరిపాడు.

"భక్తి పెరిగింది నాయనా, మేమేం చేస్తాం?" అన్నాడు స్వామి.

రాయుడికి ఒళ్లు మండింది. నాగుపామును గట్టున కూర్చోబెడితే కప్పలకు నోరు పెగలదని లెక్క వేసుకుని, పుట్ట దగ్గరికి పోయాడు.

"అయ్యా, తమరొచ్చి హద్దు తేల్చాలి" అని వంగి వంగి అడిగాడు.

పాము సంతోషంగా బయల్దేరింది. గట్టున ఆగకుండా నేరుగా మఠంలోకి దిగి, శిష్యులందర్నీ, చివరికి స్వామినీ మింగేసింది. పీడ వదిలిందని రాయుడు మురిసిపోయాడు.

పాము బరువుగా పాకుతూ చేలోకి వచ్చింది. "మఠం ఇప్పుడు నా కడుపులో ఉంది రాయుడూ. లోపల జపం సాగుతూనే ఉంది. కాబట్టి నేనెక్కడ పడుకుంటే అదంతా మఠం నేలే."

"నాకేమీ వినబడటం లేదే" అన్నాడు రాయుడు.

పాము పడగ విప్పింది. "అయితే కాస్త దగ్గరికొచ్చి విను."

"అక్కర్లేదండీ," అన్నాడు రాయుడు వెనక్కి నడుస్తూ, "ఇక్కడికే శుభ్రంగా వినబడుతోంది."