నచ్చిన బేస్

ఎవరికి ఎంత బేస్ నప్పుతుందో మొహం చూసి చెప్పగలనని, సిరిసిల్లలో హెడ్‌ఫోన్లమ్మే శ్రీహరికి మహా నమ్మకం. కొనడానికొచ్చిన ఎల్లన్నకు మాత్రం నాలుగు మార్చినా నచ్చలేదు. ఒకదాంట్లో దరువు తక్కువ, ఇంకోదాంట్లో మోత ఎక్కువ.

ఐదోది తగిలించుకుని, తన ఫోన్ నొక్కి కళ్లు మూసుకున్నాడు. "గిది మంచిగున్నది తమ్మీ."

శ్రీహరి తనూ పెట్టుకుని విన్నాడు. తల దానంతటదే ఊగింది. "బేస్ మస్తున్నదన్నా! ఎవల డీజే?"

"మా ఇంట్ల నేత సాంచాలు. ఇరవై ఏండ్లు గా సప్పుడులనే పన్న. బట్ట నేసే పని బందైంది, నిన్ననే నాలుగింటిని పాత ఇనుము కింద జోకిచ్చి అమ్మిన. ఎల్లుండి దుబాయి పోతున్న. ఆడ రూంల పిట్ట సప్పుడు గూడ ఉండదట. నిద్రెట్ల పడ్తది?"