తోక మీద గాటు

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టింది గానీ చినుకు రాల్చలేదు. రేవులో తనిఖీ బల్ల ముందు పడవలవాళ్లు బుట్టలు దించి వరసలో నిలబడ్డారు. కొత్త తనిఖీ అధికారికి అది మూడో రోజు. ఈ రేవులోనే పుట్టి పెరిగిన పిల్ల.

“మన బుట్టలైతే బోర్లించి మరీ చూస్తుంది. వాళ్ల నాన్న బుట్ట రానీండి, కళ్లు మసకలు కమ్ముతాయి,” అన్నాడు వెనకనుంచి వాగుడుకాయ. ఆ పడవ యజమానికి ఆ పేరు ఊరికే రాలేదు. అందరూ నవ్వారు.

ఆమె విననట్టే రాతిరొయ్యల్ని ఒక్కొక్కటే తీసి తోక విప్పి చూస్తోంది. గుడ్లున్న ఆడరొయ్య బోనులో పడితే, గుర్తుగా తోక అంచున గాటు పెట్టి నీళ్లలో వదిలేయాలి. గాటున్నది మళ్లీ ఎప్పుడు పడినా, గుడ్లు లేకపోయినా, వదలాల్సిందే. తెస్తే పదిరోజులు పడవ కట్టేస్తారు. అదంతా కాగితం మీదే. ముందున్న అధికారి ఒక్క పడవనూ ఆపలేదు. రొయ్యలు మాత్రం సగానికి పడిపోయాయి.

నాన్న వంతు వచ్చింది. పడవ నడిపే ఆ ముసలి సరంగు బుట్ట బల్లమీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. చీకట్లోనైనా వేలితో తడిమి గాటు చెప్పేస్తాడని ఆయనకు పేరు.

బుట్ట అడుగున ఆమె చెయ్యి ఆగింది. ఒక రొయ్య తడిగోనెలో చుట్టి ఉంది. ఇంకా మీసాలాడిస్తోంది. తోక విప్పింది.

గాటు.

“సరంగుగారూ, ఏంటిది?”

“చూపు ఆనలేదమ్మా. ఒక్కటేగా, పోనీ.”

“గోనెలో చుట్టి తెచ్చారు.”

“కన్నతండ్రి పడవే దొరికిందా నీకు?” ఆయన గొంతు రేవంతా వినబడింది.

ఎవరూ నవ్వలేదు. ఆమె కలం ఆగలేదు.

“పదిరోజులు. ఇంజను తాళం ఇవ్వండి.”

ఆయన తాళం బల్లమీదకు విసిరి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. ఆమె రొయ్యను గట్టుదాకా తీసుకెళ్లి నీళ్లలో వదిలింది.

తిరిగొచ్చేసరికి వాగుడుకాయ తన బుట్టను తనే కెలుకుతున్నాడు. రెండు రొయ్యలు తీసి నీళ్లలో పడేశాడు.

“మబ్బు పొద్దు కదా తల్లీ, ఇందాక కనబడి చావలేదు,” అన్నాడు. వరసలో మిగతావాళ్లూ తమ బుట్టల మీదకు వంగారు.

మధ్యాహ్నం ఇంట్లో అమ్మ ముగ్గురికీ వడ్డించింది.

“నీ వేళ్లను దాటి అదెలా వచ్చిందయ్యా? పోనీ, ఈ పదిరోజులూ ఏం చేస్తావు?”

ఆయన మూలకేసి చూపించాడు. అక్కడ బోనులు అల్లే దారం ఉండలు, పదిరోజుల పనికి సరిపడా ఉన్నాయి. తర్వాత తన కంచంలోని పెద్ద చేపముక్క తీసి కూతురి కంచంలో వేశాడు. ఆమె తలెత్తలేదు.

ఆ దారం ఆయన నిన్ననే కొన్నాడు.