మూతపడని కనెక్షన్

ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం మీది గదిలో సింధూజ ఒక్కతే ఉంది. వరికోత మిషన్లు బుక్ చేసే వెబ్‌సైటు రోజూ పొద్దుగూకగానే మొరాయిస్తోంది. తప్పెక్కడో ఇవాళ దొరికింది. డేటాబేసుకు తెరిచిన కనెక్షన్‌ను పని కాగానే మూసే లైను, ఈ సైటు కట్టిన గంగారాం ఎక్కడా రాయలేదు. తెరిచినవన్నీ పేరుకుపోయి, కొత్తగా వచ్చే రైతులకు దారి లేకుండా పోయింది.

"పోతున్న అనొద్దు చెల్లె, పోయొస్త అనాలె. మళ్ల వచ్చేదే గదా, మూసుడెందుకు?" అని నవ్వేవాడాయన. పోయిన నెల అట్లాగే పోయొస్తనని మెట్లు దిగి, లింగంపేట రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయాడు.

మధ్యలో ఏ పొరపాటు జరిగినా కనెక్షన్ మూతపడి తీరేలా సింధూజ కోడంతా తిరగరాసింది. తెర మీద తెరిచి ఉన్న కనెక్షన్ల లెక్క తగ్గుతూ వచ్చి, ఒకటి దగ్గర ఆగింది. దాన్ని తెంపింది. మళ్లీ తెరుచుకుంది. సర్వర్‌కున్న ఇంటర్నెట్ వైరు పీకేసింది. అయినా తెరుచుకుంది. అది వస్తున్నది మూలన గుడ్డ కప్పిన గంగారాం కంప్యూటర్ నుంచి. దాని కరెంటు ప్లగ్గు నేల మీద పడి ఉంది.

గుడ్డ కింద కీబోర్డు టక్కుమంది.

సింధూజ గబుక్కున వెనక్కి జరిగింది. అంతలోనే ఒళ్లు మండింది.

"చాలు గంగారామన్నా! పొలాల కాడ వడ్లు రాలిపోతున్నయి. పోయొస్త గాదు, పో!"

తెంపింది. తెర మీద సున్నా పడింది. కీబోర్డు ఆగింది.

పీకిన వైరు మళ్లీ పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని, గదికి తాళం పెట్టి, కావాలనే గట్టిగా అంది. "పోతున్న!"

మెట్ల కింది చీకట్లో ఎవరో మెల్లగా నవ్వారు. "గట్లనొద్దు చెల్లె."

"గట్లనే అంట," అని సింధూజ మెట్టు దిగింది.