ఆయ్ అన్న గొంతు

"వింటున్నారా అందరూ?" అన్నారు చంద్రరావు మాస్టారు.

ఆన్‌లైన్ క్లాసు. తెర నిండా పేర్లే. ఒక్క ముఖమూ లేదు.

"ఆయ్!" అంది ఒక బొంగురు గొంతు.

"హమ్మయ్య! దేవకుమారి గారున్నారు. మీరలా పలుకుతుంటేనే నాకు పాఠం చెప్పాలనిపిస్తుందండి."

మండపేటలో, మంచమ్మీద కూర్చుని వింటున్న తబితకు ఒళ్లు మండింది.

దూరవిద్యలో ఎమ్మే తెలుగు కట్టినప్పుడు క్లాసులు వినాలని ఆమె అనుకోలేదు. ఇప్పుడు మాస్టారి చేత ఒక్కసారైనా మెప్పు పొందాలని రోజూ ముందే చేరుతోంది. చేరేసరికి ఆవిడ పేరు అప్పటికే అక్కడ ఉంటుంది.

"గొంతు వింటే ముసలమ్మలా ఉంది. ఈ వయసులో ఆవిడకి ఎమ్మే ఎందుకే అమ్మా? 'ఆయ్' తప్ప ఇంకో మాట రాదు."

"నీకు ఆ ఒక్కటీ రాదు కదే," అంది తల్లి ఏసమ్మ, చేపలు తోముతూ.

మర్నాడు మాస్టారు పద్యం అందుకోబోతుంటే తబిత మైకు ఆన్ చేసింది.

"సార్, ఇది దేవకుమారి గారి చేత చదివించండి. శ్రద్ధగా వినేది ఆవిడే కదండీ."

"బాగా చెప్పారు తబిత గారూ! దేవకుమారి గారూ, పుస్తకం చూసి చదవండి."

మాస్టారే మళ్లీ అడిగారు.

"వినబడుతోందాండీ?"

"ఆయ్..."

చాలా చిన్నగా. ఆ వెంటనే ఆ పేరు తెర మీంచి పోయింది. మళ్లీ రాలేదు.

మాస్టారు పాఠాలు ముక్తసరిగా ముగించసాగారు. తబిత "ఉన్నానండి సార్" అంటే, "ఆఁ, సరే" అనేవారు.

కొన్నాళ్లకు తబితా మానేసింది. ఎవరికంటే ముందు చేరాలో తెలియలేదు.

పరీక్షలు రాజమండ్రిలో. ముందు బెంచీలో ఒక అమ్మాయి సగం కూడా రాయకుండానే లేచింది.

"దేవకుమారి గారూ, ఇక్కడ సంతకం," అన్నారు ఇన్విజిలేటరు.

తబిత తన పేపరూ ఇచ్చేసి ఆమె వెనకే వరండాలోకి వచ్చింది.

"క్లాసుల్లో 'ఆయ్' అనే దేవకుమారి గారు... మీరేనా?"

"నేనెక్కడ విన్నానండీ క్లాసులు! రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు లారీకెక్కేదాకా ఇంటికి రావడం కుదరదు. నా బదులు మా అత్తగారు ఫోను ముందు కూర్చునేవారు. నేనెళ్లి అన్నం తింటుంటే, పక్కన కూర్చుని పాఠమంతా కథలా చెప్పేవారు."

"మరి మానేశారేం?"

"ఎవరో ఆవిణ్ణి పద్యం చదవమన్నారంటండి. గుట్టు తెలిస్తే నా చదువు పోతుందని భయపడి, ఇంక ఆ ఫోను ముట్టుకుంటే ఒట్టు. అప్పట్నుంచీ నాకు పాఠాల్లేవు."

"చదివేస్తే పోయేదిగా," అంది తబిత, ఏదో ఒకటి అనాలని.

"ఎలా చదువుతారండీ?" అంది దేవకుమారి. "మా అత్తగారికి అక్షరాలే రావు."